పెట్టె మీద కోడ్ ఉంది.. రోగి చేతిలో ఆధారమేదీ?

వైద్య పరికరాలకు విశిష్ట గుర్తింపు అందని ద్రాక్షే!
ఐటీ కారిడార్‌లో పరిజ్ఞానం.. ఆసుపత్రుల్లో అలసత్వం

రాయదుర్గం: గుండె రక్తనాళంలో అమర్చే స్టెంటు పొడవు సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్లు. ఒకసారి అమర్చాక అది రోగి శరీరంలో జీవితాంతం ఉండిపోతుంది. దాన్ని తెచ్చిన అట్టపెట్టె మాత్రం ఆ పూటే ఆపరేషన్ థియేటర్ చెత్తబుట్టలో పడుతుంది. స్టెంటు ఎవరు తయారు చేశారు, ఏ బ్యాచ్‌లోనిది, గడువు ఎప్పటిదాకా అన్న వివరాలన్నీ ఉండేది ఆ పెట్టె మీదే. వాటిని ఎవరైనా నమోదు చేశారా, లేదా అన్న దానిపైనే రేపు ఆ రోగికి కబురు అందడం ఆధారపడి ఉంటుంది.

ప్రతి వైద్య పరికరానికీ ప్రపంచంలో మరి దేనికీ లేని ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, దాన్ని బార్‌కోడ్ రూపంలో లేబుల్‌పై ముద్రించే విధానాన్ని ‘విశిష్ట పరికర గుర్తింపు’ అంటారు. పొడి అక్షరాల్లో యూడీఐ. అమెరికా, ఐరోపా దేశాలు దీన్ని తప్పనిసరి చేసి ఏళ్లు గడిచాయి. మన దేశంలో 2017లోనే నిబంధన రాశారు. అమలు తేదీ దగ్గరపడే సరికి వాయిదా వేశారు. వైద్య పరికరాల రూపకల్పనకు కేంద్రంగా ఎదుగుతున్న రాయదుర్గం, నానక్‌రాంగూడ పరిసరాలకు ఈ వ్యవహారం పరాయిది కాదు. ఇక్కడి యువ ఇంజినీర్ల ఉపాధికీ, చుట్టుపక్కల ఆసుపత్రుల్లో చికిత్స పొందే రోగుల భద్రతకూ దీనితో ముడి ఉంది.

ఆచూకీ లేని 3,600 మంది

గుర్తింపు లేకపోతే ఏమవుతుందో దేశం ఇప్పటికే ఒకసారి చవిచూసింది. జాన్సన్ అండ్ జాన్సన్ అనుబంధ సంస్థ డిప్యూ తయారు చేసిన ఏఎస్ఆర్ కృత్రిమ తుంటి కీలును 2010 ఆగస్టులో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకున్నారు. లోహంపై లోహం రాపిడి వల్ల సన్నని రజను వెలువడి చుట్టూ ఉన్న కండరాలను దెబ్బతీయడం, అనుకున్న కాలానికంటే ముందే మళ్లీ శస్త్రచికిత్స చేయాల్సి రావడం ఇందుకు కారణాలు. అప్పటికి వివిధ దేశాల్లో సుమారు 93 వేల మందికి ఆ కీళ్లు అమర్చారు. భారత్‌లో జరిగిన శస్త్రచికిత్సలు దాదాపు 4,700.

కేంద్రం 2017లో నియమించిన నిపుణుల సంఘం నివేదిక మరుసటి ఏడాది వెలుగులోకి వచ్చింది. దేశంలో సుమారు 3,600 మంది ఆచూకీ దొరకలేదన్నది అందులోని చేదు నిజం. పరిహారంగా 30 లక్షల నుంచి 1.23 కోట్ల రూపాయల వరకు చెల్లించాలని 2018లో కేంద్రం లెక్క తేల్చింది. అయితే పరిహారం అందుకోవాలన్నా తమ ఒంట్లో ఉన్నది ఆ కీలేనని రోగికి తెలిసి ఉండాలి. తెలియని వారికి నొప్పే మిగిలింది.

ఆస్ట్రేలియాలో పరిస్థితి వేరుగా ఉంది. అక్కడ కీళ్ల మార్పిడి శస్త్రచికిత్సలన్నిటినీ ఒక జాతీయ రిజిస్టర్లో నమోదు చేస్తారు. ఏఎస్ఆర్ కీళ్లు త్వరగా విఫలమవుతున్నాయని ఆ లెక్కలే పట్టి చూపాయి. మిగతా ప్రపంచం కంటే ముందుగా 2009 డిసెంబరులోనే అక్కడి విపణి నుంచి ఆ కీళ్లను తొలగించారు. వైద్యులూ, కీలూ రెండు చోట్లా ఒకటే. తేడా ఉన్నదల్లా నమోదులోనే.

ఒక సంఖ్యలో రెండు భాగాలు

యూడీఐ ఒకే సంఖ్యలా కనిపించినా అందులో రెండు భాగాలుంటాయి. మొదటిది పరికరం ఏదో చెబుతుంది. ఏ సంస్థది, ఏ మోడల్, ఏ కొలత అన్నది దీనిలో ఇమిడి ఉంటుంది. ఫలానా కంపెనీ 3 మిల్లీమీటర్ల వ్యాసం, 18 మిల్లీమీటర్ల పొడవు గల స్టెంటు ఎన్ని వేలు తయారు చేసినా వాటన్నిటికీ ఈ భాగం ఒకటే. కొలత మారితే సంఖ్య మారుతుంది. రెండోది ఆ పరికరం ఎప్పటిదో చెబుతుంది. బ్యాచ్ నంబరు, వరుస సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ ఇందులోకి వస్తాయి. సాఫ్ట్‌వేరే వైద్య పరికరమైనప్పుడు దాని వెర్షన్ నంబరును ఇక్కడే చేరుస్తారు.

మొదటి భాగాన్ని కంపెనీలు తమ ఇష్టానుసారం రాసుకోవడానికి వీల్లేదు. ప్రపంచంలో మరొకరికి అదే సంఖ్య రాకుండా చూసే గుర్తింపు సంస్థల నుంచి పొందాలి. వీటిలో కిరాణా సరకుల బార్‌కోడ్‌లను కూడా నిర్వహించే జీఎస్1 ప్రధానమైనది. మన దేశంలోని శాఖ కేటాయించే సంఖ్యలు 890తో మొదలవుతాయి. సబ్బు బిళ్ల మీద కనిపించే 890కీ, స్టెంటు పెట్టె మీద కనిపించే 890కీ మూలం ఒకటే.

సంఖ్య ఎలా తయారవుతుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. సంస్థకు దక్కిన సంఖ్య, దానికి సంస్థ చేర్చుకున్న పరికరం సంఖ్య కలిపి 890123456789 అయ్యాయనుకుంటే ఇవి 12 అంకెలు. వీటిని ఎడమ నుంచి వరుసగా ఒకదాన్ని 1తో, తర్వాతి దాన్ని 3తో హెచ్చించి కూడితే 130 వస్తుంది. అది పదితో నిశ్శేషంగా భాగింపబడుతుంది కాబట్టి తనిఖీ అంకె 0. దీంతో సంఖ్య 8901234567890 అవుతుంది. ముందు ఒక సున్నా చేరిస్తే 14 అంకెలు పూర్తవుతాయి. అదే స్టెంట్లను పదేసి పెట్టిన పెద్ద పెట్టెకు ముందు 1 వేస్తే మొత్తం 133 అవుతుంది. 140కి చేరాలంటే 7 కావాలి. అందుకే పెద్ద పెట్టె సంఖ్య 18901234567897. ఎవరైనా ఒక్క అంకె తప్పుగా కొట్టినా లెక్క కుదరదు, యంత్రం తిరస్కరిస్తుంది.

దీని వెంట రెండో భాగం వస్తుంది. లేబుల్‌పై కుండలీకరణాల్లో కనిపించే చిన్న సంఖ్యలు ఒక్కో వివరానికి గుర్తులు. (01) తర్వాత వచ్చేది పరికరం సంఖ్య. (11) తయారీ తేదీ. (17) గడువు తేదీ. (10) బ్యాచ్. (21) వరుస సంఖ్య. (17)281130 అని ఉంటే 2028 నవంబరు 30తో గడువు తీరుతుందని అర్థం. ఈ చిన్న సూత్రం తెలిసిన నర్సు యంత్రం లేకుండానే లేబుల్‌ను చదవగలుగుతుంది. స్కానర్ పని చేయనప్పుడు ఆదుకుంటాయనే అంకెలను కోడ్ పక్కన మనుషులు చదివే రీతిలోనూ ముద్రించాలని నిబంధనలు చెబుతున్నాయి.

చిన్న గడి.. పెద్ద పని

ఇన్ని వివరాలు పాతకాలపు నిలువు గీతల బార్‌కోడ్‌లో పట్టాలంటే జానెడు జాగా కావాలి. స్టెంటు, ఎముకల ప్లేటు వంటి వాటి లేబుళ్లపై అంత చోటు ఉండదు. అందుకే నల్లని, తెల్లని చుక్కలతో చదరంగా ఉండే ‘డేటా మ్యాట్రిక్స్’ను ఎక్కువగా వాడుతున్నారు. చూడడానికి క్యూఆర్ కోడ్‌ను పోలి ఉన్నా మూలల్లో మూడు పెద్ద గడులు ఉండవు. ఒక పక్క, అడుగున నిండు గీత కనిపిస్తుంది. కొంత భాగం చెరిగినా మిగిలిన దాని నుంచి సమాచారాన్ని రాబట్టే గణిత పద్ధతి ఇందులో ఇమిడి ఉంది.

తయారీలో పొరపాట్లు జరిగేది కూడా ఇక్కడే. బ్యాచ్ నంబరుకు నిర్ణీత పొడవు లేదు. ఇరవై అక్షరాల వరకు ఎంతైనా ఉండవచ్చు. దాని వెనుక మరో వివరం వస్తుంటే మధ్యలో కంటికి కనిపించని ఒక విభజన గుర్తు పెట్టాలి. అది మరిచిపోతే స్కానర్ వరుస సంఖ్యను కూడా బ్యాచ్ నంబరులో కలిపి చదువుతుంది. కోడ్ చక్కగా ముద్రితమై, ఫోన్‌లోనూ తెరుచుకుని, సమాచారం మాత్రం తప్పుగా చేరుతుంది. కోడ్ చుట్టూ ఖాళీ జాగా వదలకపోవడం, మెరిసే పలకలపై ముద్రించడం, సిరా పలచబడడం ఇతర లోపాలు. ఫోన్‌లో చదివింది కదా అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ముద్రణ నాణ్యతకు అంతర్జాతీయ కొలమానం ఉంది. దాని ప్రకారం కొలిచే యంత్రంతో పరీక్షించాలి.

పదే పదే శుద్ధి చేసి వాడే శస్త్రచికిత్స పనిముట్లకు కాగితం లేబుల్ నిలవదు. వాటికి లోహంపైనే లేజరుతో గుర్తు చెక్కాలి. వందల సార్లు ఆవిరిలో ఉడికినా అది చెరగకూడదు.

కోడ్ ముద్రించడంతోనూ పని తీరదు. ఆ సంఖ్యకు సంబంధించిన పూర్తి వివరాలు ఒక బహిరంగ డేటాబేసులో ఉండాలి. లేకపోతే స్కాన్ చేసినవారికి అంకెలు తప్ప అర్థం దొరకదు. అమెరికా నిర్వహిస్తున్న డేటాబేసులో ఎవరైనా ఉచితంగా వెతికి చూడవచ్చు.

గడువు దాటిన నిబంధన

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013 సెప్టెంబరులో తుది నిబంధన వెలువరించింది. ముందుగా అత్యంత ప్రమాదకర శ్రేణి పరికరాలకు 2014లో, శరీరంలో అమర్చే వాటికి 2015లో, మధ్య శ్రేణికి 2016లో వర్తింపజేసింది. ఐరోపా సమాఖ్య 2017లో చేసిన చట్టం ప్రకారం అమర్చే పరికరాలకు 2021 మే నుంచి, మధ్య శ్రేణులకు 2023 మే నుంచి, తక్కువ ప్రమాదం ఉన్న వాటికి 2025 మే నుంచి లేబుల్‌పై కోడ్ తప్పనిసరి అయింది. అంతటితో ఆగకుండా, అత్యంత ప్రమాదకర శ్రేణిలో అమర్చే పరికరాల సంఖ్యలను ఆసుపత్రులు భద్రపరచాలనీ, రోగికి ఇంప్లాంట్ కార్డు ఇవ్వాలనీ ఆ చట్టం నిర్దేశించింది. భారం తయారీదారుపైనే కాక ఆసుపత్రిపైనా పడింది.

మన దేశంలో వైద్య పరికరాల నిబంధనలు 2017 జనవరిలో వెలువడి 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిలోని 46వ నిబంధన ప్రకారం 2022 జనవరి 1 నుంచి తయారైన, దిగుమతి అయిన పరికరాలపై విశిష్ట గుర్తింపు ఉండాలి. సిద్ధం కావడానికి నాలుగేళ్ల గడువు ఇచ్చారన్న మాట. తీరా తేదీ ముంగిట్లోకి వచ్చాక నిబంధనను సవరించి, కేంద్రం ఉత్తర్వు ద్వారా ప్రకటించే తేదీ నుంచి అమలవుతుందని మార్చారు. 2022 జనవరి 1 అలా దాటిపోయింది.

ఈలోగా నియంత్రణ మాత్రం విస్తరించింది. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నిటినీ ఔషధాల చట్టం పరిధిలోకి తెచ్చారు. తక్కువ ప్రమాదం ఉన్న ఎ, బి శ్రేణులకు 2022 అక్టోబరు నుంచి, ఎక్కువ ప్రమాదం ఉన్న సి, డి శ్రేణులకు 2023 అక్టోబరు నుంచి లైసెన్సు తప్పనిసరి చేశారు. 2023 ఆగస్టు 1 నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 మందుల బ్రాండ్లపై క్యూఆర్ కోడ్ లేదా బార్‌కోడ్ ఉండాలన్న నిబంధనా అమల్లోకి వచ్చింది. మింగితే ఒక పూటలో కరిగిపోయే మాత్రకు దొరికిన శ్రద్ధ, శరీరంలో దశాబ్దాలు ఉండిపోయే పరికరానికి దొరకకపోవడం గమనార్హం.

ఇక్కడి నుంచే మొదలు కావచ్చు

జంట నగరాలకు ఈ రంగం కొత్తది కాదు. డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి తక్కువ ఖర్చు స్టెంటుకు రూపమిచ్చింది 1990వ దశకంలో. నానక్‌రాంగూడలో మెడ్‌ట్రానిక్ ఇంజినీరింగు కేంద్రం 2021 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. 1,200 కోట్ల రూపాయల పెట్టుబడితో మొదలైన ఆ కేంద్రాన్ని మరో 3,000 కోట్లతో విస్తరిస్తామని సంస్థ 2023 మేలో ప్రకటించింది. రాయదుర్గంలో 2022 జూన్‌లో టీ-హబ్ కొత్త భవనం, 2023 మార్చిలో నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్ ప్రారంభమయ్యాయి. కొవిడ్ తొలి రోజుల్లో వెంటిలేటర్ నమూనా రూపొందించిన అనుభవం టీ-వర్క్స్‌ది. బాహ్య వలయ రహదారి మీదుగా వెళ్తే సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు వస్తుంది. దానికి 2017లో పునాదిరాయి పడింది. స్టెంట్ల తయారీ సంస్థ సహజానంద్ మెడికల్ టెక్నాలజీస్ అక్కడే ప్లాంటు నెలకొల్పింది. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం మెడ్‌టెక్ జోన్ సుమారు 270 ఎకరాల్లో ఉంది.

ఇలాంటి చోట్ల కొత్తగా అడుగుపెట్టే చిన్న పరిశ్రమలకు కోడ్ ముద్రణ కష్టమేమీ కాదు. చిక్కంతా దాని వెనుక ఉన్న క్రమశిక్షణలోనే. ఏ మార్పు చేస్తే కొత్త సంఖ్య తీసుకోవాలి, పెట్టెలోని సంఖ్య మారితే ఏం చేయాలి, లేబుల్ నమూనాను ఎవరు ఆమోదించాలి, డేటాబేసులో వివరాలను ఎవరు సరిచూడాలి అన్నవి ముందే రాసిపెట్టుకోవాలి. మొదటి రోజు నుంచే ఇది అలవాటైతే ఎగుమతి వేళ తడబాటు ఉండదు. అలవాటు లేని సంస్థ విదేశీ ఆర్డరు వచ్చిన తర్వాత లేబుళ్లన్నీ మార్చుకోవాల్సి వస్తుంది. సొంత దేశంలో నిబంధన వాయిదా పడడం చిన్న పరిశ్రమకు ఊరటలా కనిపించినా నిజానికి అది వెనుకబాటే.

తెగిన లంకె ఆసుపత్రిలోనే..

దేశంలో వాడే వైద్య పరికరాల్లో దిగుమతుల వాటా 70 నుంచి 80 శాతమని అంచనా. అమెరికా, ఐరోపా విపణుల కోసం తయారైన సరకులో చాలా వాటిపై కోడ్ ఇప్పటికే ఉంటుంది. అంటే మన నిబంధన అమలు కాకపోయినా కోడ్ ఉన్న పెట్టెలు మన ఆసుపత్రులకు చేరుతూనే ఉన్నాయి. లోపిస్తున్నది ముద్రణ కాదు, దాన్ని చదివి రోగి పేరున రాసిపెట్టడం.

స్టెంట్లకు ధరల గరిష్ఠ పరిమితి విధించిన 2017 ఫిబ్రవరి ఉత్తర్వులోనే, బిల్లులో స్టెంటు ఖరీదును విడిగా చూపి బ్రాండు, తయారీదారు, బ్యాచ్ వివరాలు రాయాలని ఆసుపత్రులను ఆదేశించారు. ప్రభుత్వ బీమా క్లెయిముల కోసం స్టెంటు స్టిక్కరును కేస్ షీటుకు అంటించడం పరిపాటి. అయితే ఆ స్టిక్కరు ఉద్దేశం డబ్బు రాబట్టుకోవడం. క్లెయిము మంజూరైతే దాని పని ముగుస్తుంది. అంటించిన కాగితం దస్త్రాల గదికి చేరాక, ఫలానా బ్యాచ్ లోపభూయిష్టమని తేలితే ఆ బ్యాచ్ ఎవరెవరికి అమర్చారో చెప్పడానికి వేల కట్టలు విప్పాలి. స్కాన్ చేసి ఉంటే క్షణాల్లో తేలే పని అది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. 2021 సెప్టెంబరులో దేశవ్యాప్తంగా ప్రారంభమైన డిజిటల్ ఆరోగ్య మిషన్ కింద పౌరులకు ఇచ్చే ‘ఆభా’ సంఖ్యలో 14 అంకెలుంటాయి. పరికరం గుర్తింపు సంఖ్యలోనూ 14 అంకెలే. మనిషికో సంఖ్య, పరికరానికో సంఖ్య సిద్ధంగా ఉన్నాయి. శస్త్రచికిత్స జరిగిన రోజున ఆ రెండింటినీ ఒకే వరుసలో రాస్తే చాలు, తుంటి కీళ్ల ఉదంతం పునరావృతం కాదు. ఆ ఒక్క వరుస రాసే బాధ్యత ఎవరిదో నిబంధన స్పష్టంగా చెప్పాలి.

చేయవలసింది ఏమిటి?

నిబంధనను ఒక్కసారిగా అన్ని పరికరాలకూ రుద్దనవసరం లేదు. ఇతర దేశాల మాదిరే శరీరంలో అమర్చే వాటితో మొదలుపెట్టి దశలవారీగా విస్తరించవచ్చు. దూది, కట్టు బట్టల వంటివి చివరకు రావచ్చు. తేదీ ప్రకటిస్తే పరిశ్రమ దానికి తగ్గట్టు సిద్ధమవుతుంది. తేదీ లేనిచోట ఎవరూ ఖర్చు పెట్టరు. తయారీదారులు వివరాలు నింపేందుకు, ఆసుపత్రులు, ప్రజలు చూసుకునేందుకు జాతీయ డేటాబేసు అందుబాటులో ఉండాలి. పరికరాల దుష్ప్రభావాలను నమోదు చేసేందుకు 2015 జులైలో మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. పరికరం సంఖ్య జత కాకుండా వచ్చే ఫిర్యాదుతో ఏ బ్యాచ్‌లో లోపముందో తేల్చడం కష్టం.

రాష్ట్ర ప్రభుత్వాలు కేంద్రం కోసం వేచి చూడనక్కర లేదు. ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద స్టెంటు, కీలు, పేస్‌మేకర్ అమర్చినప్పుడు బిల్లు చెల్లింపునకు స్టిక్కరు ఫొటోకు బదులు స్కాన్ చేసిన సంఖ్యను అడిగితే చాలు, ఆసుపత్రులు తామే స్కానర్లు సమకూర్చుకుంటాయి. అవసరమైన సాఫ్ట్‌వేరు తయారు చేయడానికి ఈ కారిడార్‌లో నిపుణులకు కొదవ లేదు.

రోగులూ, వారి బంధువులూ చేయగలిగింది కొంత ఉంది. శస్త్రచికిత్స తర్వాత డిశ్చార్జి సమ్మరీలో పరికరం పేరు, తయారీదారు, మోడల్, బ్యాచ్ లేదా వరుస సంఖ్య ఉన్నాయో లేదో చూసుకోవాలి. పెట్టెతో వచ్చే అదనపు స్టిక్కరును అడిగి తీసుకోవాలి. పేస్‌మేకర్ల వంటి వాటికి ఇచ్చే కార్డును పర్సులో ఉంచుకోవాలి. ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఇంట్లో మరొకరికి పంపితే కాగితం పోయినా ఆధారం మిగులుతుంది.

తుంటి కీళ్ల వ్యవహారంలో దొరకని 3,600 మంది అడవుల్లో తప్పిపోయినవారు కాదు. ఆసుపత్రి మెట్లెక్కి, బిల్లు కట్టి, సంతకాలు పెట్టి, నడుచుకుంటూ ఇంటికి వెళ్లినవారు. వారి పేర్లు ఒక దస్త్రంలో, వారి ఒంట్లోని పరికరం సంఖ్య మరో దస్త్రంలో ఉండిపోయాయి. ఆ రెంటినీ కలిపే పరిజ్ఞానం నేడు అందుబాటులోనే ఉంది. కలపాలన్న ఆదేశానికి తేదీ వేయడమే మిగిలి ఉన్న పని.